వీధిబడి పద్ధతి ఇంగ్లండునకు బోయిన వృత్తాంతము

గడచిన ఆగస్టు నెలలో నొకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, మన పాఠశాలలో నెనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలిక తండ్రి నాయొద్దకు వచ్చెను. ఆయన ఆస్పరికి చేరువనున్న యొక గ్రామమున ఉల్లి, వేరుసెనగ పండించుకొను రైతు. కుర్చీ చూపినను కూర్చుండక, తువాలు చేత బట్టుకొని నిలుచుండియే, "ఏం సారూ, మా పాప బడికి సదువుకునేకి వస్తాందా, సదువు సెప్పేకి వస్తాందా?" అని యడిగెను.

ఆయన యడుగుటకు కారణము లేకపోలేదు. మన ప్రాంతమున ఏటేట అనేక కుటుంబములు సుగ్గికి బోవుట చదువరులందరు నెరిగినదే. గుంటూరు వైపు ప్రత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును పెద్దలు పోవునప్పుడు పిల్లలును వెంట బోవుదురు. ప్రభుత్వమువారు ఆ నెలలలో నడపు తాత్కాలిక వసతిగృహములలో కొందరు పిల్లలు నిలిచినను, అందరును నిలువరు. మూడు నెలలు పరాయి చేని గట్టున గడపి వచ్చిన పిల్లవాడు జూను నెలలో పై తరగతికి చేరును గాని, పోయిన పాఠములు వానికి వాటంతట నవి రావు. అట్టివారిని ఉదయము అరగంట ముందుగా రప్పించి, పై తరగతి పిల్లలయొద్ద కూర్చుండబెట్టు ఏర్పాటు నేను చేసితిని. ఆ బాలిక ఆరవ తరగతి పిల్లవాని కొకనికి గుణకారము చెప్పుచుండెను.

తండ్రిగారికి నేనప్పుడిచ్చిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. చెప్పినకొలది చదువు నిలుచునని యేదో యంటిని. ఆయన తల యూచి వెడలిపోయెను. తరువాత నాలోచింపగా ఆయన ప్రశ్న క్రొత్తది కాదని తోచెను. బడులను గూర్చి ఇంగ్లండు దేశమున 200 ఏండ్లకు పైగా జరుగుచున్న తగవులలో మొదటి తగవిదియే. చిత్రమేమనగా, ఆ తగవునకు విత్తనము మన దేశపు వీధిబడినుండియే యచ్చటికి బోయినది. నేను ఉపాధ్యాయశిక్షణ పొందు కాలమున ఈ సంగతి పుస్తకములో నొక్క పేరాగా నుండెను. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నకు దానిని వల్లించి వ్రాసితిని, మరునాడే మరచితిని. ఆ రైతు నిలువదీసినప్పుడు గాని మరల జ్ఞప్తికి రాలేదు.

కథ మన జిల్లాలోనే మొదలుపెట్టవచ్చును. 1800 లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. సర్ తామస్ మన్రో ఏడేండ్లు దీనికి ప్రధాన కలెక్టరుగా నుండెను. పిదప 1820 లో మద్రాసు గవర్నరై, 1822 జూను 25 న నొక యుత్తరువు వ్రాసి, ప్రతి జిల్లాలోను ఎన్ని బడులున్నవో, ఎందరు పిల్లలు చదువుచున్నారో, ఏమి చదువుచున్నారో లెక్కలు తెప్పించుమని కోరెను. ఆనాడు మన ఆదోని, ఆలూరు ప్రాంతములు బళ్లారి జిల్లాలోనివి. 1953 లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు గాని కర్నూలు జిల్లాలో చేరలేదు. కనుక మన తాతముత్తాతల బడుల లెక్క బళ్లారి కలెక్టరు పంపిన నివేదికలో నున్నది. ఆ కలెక్టరు పేరు ఏ. డి. కాంబెల్. 1816 లో ఇంగ్లీషున తెలుగు వ్యాకరణమును, 1821 లో తెలుగు నిఘంటువును ప్రకటించిన పండితుడీయనయే. ఆయన నివేదిక తేది 1823 ఆగస్టు 17.

అందలి లెక్క యిది. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది, అనగా సుమారు 140 మంది ప్రజలకు ఒక్క విద్యార్థి. బడులలో కన్నడమువి 235, తెలుగువి 226. తక్కినవి సంస్కృతము, మహారాష్ట్రము, పారసీకము, అరవము, ఒక్కటి ఇంగ్లీషు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా యంతటిలో నరువదిమంది! నేడు మన పాఠశాలలో రెండు మూడు తరగతుల బాలికలను పిలిచి వరండాలో నిలువబెట్టినచో ఆ లెక్క నిండును.

బడి యెట్లు నడచెడిదో కాంబెల్ వివరముగ వ్రాసినాడు. ఉదయము 6 గంటలకు బడి తెరచెడివారు. మొదట వచ్చిన పిల్లవాని యరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. అనగా వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు వరుసగా పెరుగును. బడికి సగటున పండ్రెండుగురే పిల్లలు గనుక కడపట వచ్చినవానికి పది దెబ్బలతో తీరెడిది. అక్షరములను మొదట నోట చదివించుట గాక, నేలమీద పరచిన యిసుకలో వ్రేలితో దిద్దించుచు నేర్పెడివారు. తరువాత తాటాకుమీద గంటముతోను, కాగితముమీద కలముతోను, నల్లని కడితముమీద బలపముతోను వ్రాయించెడివారు. పిల్లలను నాలుగు తరగతులుగా విభజించి, క్రింది తరగతులను పెద్దపిల్లల కొప్పగించి, పై తరగతులను అయ్యవారు తామే చూచుకొనెడివారు. ఖర్చు తక్కువగుటయు, పెద్దపిల్లవాడు చిన్నవానికి చెప్పుచు తన చదువును గట్టిపరచుకొనుటయు కాంబెల్‌కు మిక్కిలి నచ్చినవి. ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగినదేయని యాయన మెచ్చుకొనెను.

అయితే ఆ నివేదికలోనే వేరొక మాటయు గలదు. నా మట్టుకు నాకు అదియే ముఖ్యము. ఇసుకలో దిద్దు పిల్లవాడు నెలకు పావు రూపాయి ఇచ్చెడివాడు. కాగితముమీద వ్రాయుటకో, పై లెక్కలకో వచ్చినప్పుడు అర రూపాయి. పిదప, చదివిన పద్యములకు అర్థము చెప్పించుకొనవలెనన్నచో, అయ్యవారడుగు సొమ్ము అనేకుల శక్తికి మించి యుండెడిది. కనుక తలిదండ్రులు అంతటితో చదువు మాన్పించెడివారు. పుస్తకములన్నియు పద్యములు, ఆ భాష వీధిలో మాటలాడు భాష కాదు. పిల్లలు గ్రంథములు గ్రంథములు కంఠస్థము చేసియు, తాము చదివినదేమో తాము ఎరుగరని కాంబెల్ విచారించెను. అక్షరమునకు పావు రూపాయి, అర్థమునకు అందరాని ధర! ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాను.

ఇంగ్లండువారి యనుకరణ ఎట్లు మొదలైనదన్నచో, అందుకు బళ్లారినుండి మద్రాసునకు, కాంబెల్ కాలమునుండి ముప్పది నాలుగేండ్లు వెనుకకు బోవలెను. 1789 లో ఎగ్మూరునందు సైనికుల అనాథబాలుర శరణాలయమునకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండుదేశపు మతగురువు అధికారిగా నుండెను. ఒకనాడాయన దారిన బోవుచు, దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుకొనుట చూచెను. తన శరణాలయములోను అట్లే చేయింపవలెనని ఉపాధ్యాయుల కాజ్ఞాపించెను. వారు అది సాధ్యము కాదనిరి. ఉపాధ్యాయులమైన మనకు ఈ మాట క్రొత్త కాదు. పైనుండి ఏ క్రొత్తపద్ధతి దిగివచ్చినను మొదట మనమనునది ఇదియే. బెల్ వారితో వాదులాడుట మాని, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల పిల్లవానిని పిలిచి చిన్నవారికి అక్షరములు నేర్పుమని నియమించెను. ఆ పిల్లవాడు నేర్పెను. అంతట బెల్ బడి యంతటిని ఆ తీరున నడిపెను.

1796 లో ఆయన స్వదేశమునకు మరలి, మరుసటి యేట లండనులో దీనిని గూర్చి చిన్న పుస్తకమును ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతియని పేరు వచ్చెను. అదే కాలమున జోసెఫ్ లాంకాస్టర్ అను క్వేకరు మతస్థుడు లండనులోని బరో రోడ్డున బడి పెట్టి, పెద్దపిల్లల సాయముతో ఒక్క ఉపాధ్యాయుడు వేయిమందికి చదువు చెప్పగలడని చాటెను. లాంకాస్టర్ దోషము చేసిన పిల్లలను బుట్టలో గూర్చుండబెట్టి పైకప్పునకు వ్రేలాడదీయించెడివాడట! మన వీధిబడిలోని కోదండము సముద్రము దాటి యెట్లు పోయినదో గాని, పోయినట్లే యున్నది.

ఇంగ్లండు సంఘమువారు బెల్ పక్షమును, ఇతర సంఘములవారు లాంకాస్టర్ పక్షమును వహించిరి. పద్ధతిని ముందుగా కనిపెట్టినది ఎవరను తగవు కంటె, బడిలో బోధింపవలసిన మతము ఏ సంఘముదను తగవే పెద్దదాయెను. 1811 లో బెల్ పక్షమువారు నేషనల్ సొసైటీని స్థాపించిరి. 1832 లో బెల్ మరణించునాటికి ఆయన పద్ధతి ననుసరించు బడులు పండ్రెండు వేలకు పైగా నుండెనని చెప్పుదురు. ఆయనను వెస్ట్‌మినిస్టర్ మందిరమున సమాధి చేసిరి. ఆయన పుట్టిన సెంట్ ఆండ్రూస్ పట్టణమున, ఆయన ధనముతో స్థాపించిన పాఠశాలకు నేటికిని మద్రాస్ కాలేజీ యనియే పేరు.

ఇక్కడ మన రైతు ప్రశ్న వచ్చుచున్నది. వీధిబడిలో పండ్రెండుగురు పిల్లలు. పెద్దపిల్లవాడు అయ్యవారి కంటి యెదుటనే చెప్పును, తప్పినచో అయ్యవారు దిద్దును. ఇంగ్లండులో వందలమంది పిల్లలు; అచ్చట పెద్దపిల్లవాడు అయ్యవారికి సాయపడుట గాక, అయ్యవారి స్థానమునే యాక్రమించెను. వానికి తెలిసినది నిన్ననో మొన్ననో నేర్చిన పాఠమే. అక్షరములు, ఎక్కములు, ప్రశ్నోత్తరములు వాడు ఒప్పజెప్పించుకొనగలడు. అర్థమును మాత్రము ఇయ్యలేడు, వాని చేతిలో లేదు గనుక. చవుకయని మెచ్చుకొన్న పెద్దలు దీనిని చూడలేదు. కొన్ని యేండ్లకు అక్కడి తలిదండ్రులును, తనిఖీదారులును మన రైతు మాటనే యనిరి. 1846 నుండి ప్రభుత్వము పదుమూడేండ్లు నిండిన పిల్లలను అయిదేండ్ల ఒప్పందముతో, జీతమిచ్చి, వారికి ప్రధానోపాధ్యాయునిచేత వేరుగా పాఠములు చెప్పించుచు, శిష్యోపాధ్యాయులుగా నియమించుట కారంభించెను. జీతము లేని పనికి జీతము వచ్చుటకు అర్ధశతాబ్దము పట్టినది.

అర్థము సంగతి అంతటితో తీరలేదు. 1862 లో ఇంగ్లండు ప్రభుత్వము, ఫలితమునుబట్టి బడికి ధనమిచ్చు నిబంధన చేసెను. చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింట పిల్లవాడు తనిఖీదారునియెదుట నెగ్గినచో తలకు 8 షిల్లింగులు. తప్పినచో ఆ మేరకు కోత. ఉపాధ్యాయులేమి చేసిరి? ఏడాది పొడవున ఒక్క వాచకమునే కంఠస్థము చేయించిరి. పుస్తకము తలక్రిందులుగా బట్టుకొనియు గడగడ చదివిన పిల్లలుండిరని చెప్పుదురు. మాథ్యూ ఆర్నాల్డ్ అను ప్రసిద్ధకవి ఆనాడు బడుల తనిఖీదారు. ఈ పద్ధతి చదువును యంత్రముగా మార్చుచున్నదని ఆయన యేటేట మొరపెట్టెను. 1897 నాటికి గాని అది పూర్తిగా తొలగలేదు. ఈలోపల ఆ ఫలితపు గ్రాంటు పద్ధతి మద్రాసు రాజధానికిని వచ్చి, మిషను బడులనేకము దానిమీదనే బ్రతికినవి.

పుస్తకము తలక్రిందులుగా బట్టిన పిల్లలను చూచి నవ్వుటకు నాకధికారము లేదు. కొన్ని యేండ్ల క్రింద నేను పనిచేసిన తరగతికి పై అధికారి యొకరు రాగా, చక్కగా చదువునని పేరుగల యొక బాలుని లేపితిని. వాడు ఇంగ్లీషు పాఠమొక పుట యెక్కడను తడబడక చదివెను. అధికారి సంతోషించి, "ఇందులో నెవరు, ఏమి చేసిరి?" అని తెలుగుననే యడిగిరి. వాడు నావైపు చూచెను. నేను గోడవైపు చూచితిని. ఆ పాఠమును వానిచే ఇరువది మారులు చదివించినది నేనే. అర్థమడిగినది మాత్రము ఒక్కమారును లేదు.

నేటి ఇంగ్లండులో చదువు నేర్పుటను గూర్చి జరుగుచున్న వాదమును ఈ దృష్టితో చూచినచో మనకు సులభముగ బోధపడును. ఇంగ్లీషు లిపి మన లిపివంటిది కాదు. సి, యు, టి కట్ అయినప్పుడు, పి, యు, టి పుట్ ఏల కావలెనో ఎవరును చెప్పలేరు. కనుక పిల్లలకు అక్షరధ్వనులను విడివిడిగా నేర్పి కూర్పించవలెనని యొక పక్షము, కథలను వినుచు చూచుచు పదములను గుర్తింపజేయవలెనని మరియొక పక్షము, చిరకాలముగా వాదించుచున్నవి. 2006 నాటి రోజ్ నివేదిక ధ్వనిపక్షమును బలపరచెను. 2012 నుండి అక్కడ ఒకటవ తరగతి పిల్లలందరికి ఒక పరీక్ష పెట్టుచున్నారు. అందు 40 పదములుండును. వానిలో 20 పదములకు అర్థమే లేదు. పిల్లవాడు ఊహించి చెప్పక, అక్షరములు కూర్చియే చదువుచున్నాడా యని తెలిసికొనుటకు బుద్ధిపూర్వకముగ కల్పించిన పదములవి. వినుటకు వింతగానున్నను దీనివలన మేలు లేదనరాదు. 2021 లో జరిగిన అంతర్జాతీయ పఠనపరీక్షలో ఇంగ్లండు పిల్లలు 4వ స్థానమున నిలిచిరి. కాని ఆ పరిశీలనలోనే, చదువుటయందలి ఇష్టమున వారు ఇతర దేశముల సగటుకంటె వెనుకబడిరి. రెండు పక్షములవారును తమకు కావలసిన సగమును చూపుచు నేటికిని పోరాడుచున్నారు.

బడులను కొలుచు తీరును గూర్చియు అక్కడ నిట్టి పోరాటమే. 1992 లో ఏర్పడిన తనిఖీశాఖ చిరకాలము ఒక్కొక్క బడికి ఒక్క మాటతో తీర్పు చెప్పెడిది. 2023 జనవరిలో ఒక ప్రధానోపాధ్యాయురాలు ప్రాణము తీసికొనగా, తనిఖీయును అందుకొక కారణమని విచారణాధికారి తేల్చెను. 2024 సెప్టెంబరులో ప్రభుత్వ బడులకు ఆ ఒక్కమాట తీర్పును తీసివేసిరి. పిల్లవానికైనను బడికైనను ఒక్క మార్కు వేసి సంతృప్తి పడువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలసియున్నది.

ఇక మనవైపు చూతము. మన లిపికి ధ్వనుల తగవు లేదు, వ్రాసినట్లే చదువుదుము. గుణింతములు, ఒత్తులు పట్టుబడిన పిల్లవాడు తెలుగున ఏ పుటనైనను గట్టిగా చదువగలడు. మనకు అపాయమచ్చటనే యున్నది. ఇంగ్లండు పిల్లవాడు తడబడినచో ఉపాధ్యాయునికి తెలియును. మన పిల్లవాడు తడబడకయే యర్థము లేకుండ సాగిపోవును. వినువారందరు చదువు వచ్చినదనుకొందురు. దీనికి తోడు మన ఆలూరు, ఆదోని పల్లెలలో కొందరు పిల్లల యింటిభాష కన్నడము, కొందరిది ఉర్దూ. వారికి బడితెలుగే రెండవ భాష. 2019 నవంబరులో మన రాష్ట్రప్రభుత్వము సర్కారు బడులలో ఒకటి నుండి ఆరు తరగతులవరకు ఇంగ్లీషు మాధ్యమమును విధింపగా, 2020 ఏప్రిల్ 15 న హైకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను. ఆ తరువాత ఒక పుట తెలుగు, ఎదుటిపుట ఇంగ్లీషుగా పుస్తకములు వచ్చినవి. ఇంగ్లీషు మన పిల్లలకు వలదను ధైర్యము నాకు లేదు. సుగ్గికి బోవు తండ్రి తన బిడ్డకు ఇంగ్లీషు కోరుటలో న్యాయమున్నది. అయినను అర్థము మొదట దొరకునది పిల్లవాని యింటిమాటలోనే యని నా యనుభవము. ఎదుటిపుటను చూచుటకు పిల్లలకు తీరిక నిచ్చినచో ఆ పుస్తకములు మంచివే. నేను చూచిన తరగతులలో ఆ తీరిక యరుదు.

పెద్దపిల్లలచే చెప్పించు పద్ధతికిని మన రాయలసీమలో మంచి వారసత్వ మొకటి కలదు. మదనపల్లెకు సమీపముననున్న రిషీవ్యాలీవారు, చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు పెట్టి, పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వేర్వేరు వయస్సుల పిల్లలను ఒక్కచోటనే కూర్చుండబెట్టి చదివించిరి. తెలిసినవాడు తెలియనివానికి చూపును. ఎవని నడక వానిది. కొన్నాళ్లు రానివాడు విడిచిన కార్డునుండియే మరల మొదలుపెట్టును. కర్ణాటకమువారు 1995 లో దీనిని చూచియే నలి-కలి యను పద్ధతి నారంభించిరి; తమిళనాడును తరువాత దీనిని గ్రహించెను. సుగ్గికి బోయి వచ్చు పిల్లలకు ఇంతకంటె తగినది నేను చూడలేదు. అయితే అక్కడ అయ్యవారు పిల్లల నడుమనే నేలమీద కూర్చుండును. బరో రోడ్డుకును దీనికిని భేదమదియే.

ఈ సంగతులన్నియు తలపోసిన పిమ్మట రైతుగారి మాటలో సగము న్యాయమని నిశ్చయించుకొని, నా యేర్పాటును మార్చితిని. ఏ పిల్లయును వారమునకు రెండు దినములకంటె చెప్పరాదు. నేను ఆ గదిలోనే యుండవలెను. చెప్పించుకొన్న పిల్లవాడు ఒప్పజెప్పుటతో సరి కాదు. తనకేమి తెలిసినదో ఇంటిమాటలలో చెప్పవలెను, అది కన్నడమైనను సరే.

ఇట్లు మార్చిన రెండవ వారమున ఆ బాలిక 23 ను 14 చేత గుణించుట చెప్పుచుండెను. మొదటి వరుస 92 వ్రాసి, రెండవ వరుసకు ఒక స్థానము విడిచి, అచ్చట ఇంటూ గుర్తు పెట్టి, 23 వ్రాసెను. "ఈడ ఇంటూ ఎందుకక్కా పెట్టేది?" అని పిల్లవాడడిగెను. "పెట్టల్ల, అంతే" అనెను. వాడు విడువలేదు. ఆ బాలిక లేచి నాయొద్దకు వచ్చి అదే ప్రశ్న నన్నడిగెను. ఎనిమిదవ తరగతికి వచ్చువరకు ఆ గుర్తును వందలమారులు పెట్టినది. ఏలయని ఆమెకు తెలియదు. ఇన్నేండ్లుగా నేనును ఆ గుర్తు పెట్టించితినే గాని, కారణమెవరును అడుగలేదు, నేనును చెప్పలేదు. 14 లోని ఒకటి ఒకటి కాదు, పది యనియు, పది ఇరువది మూడులు 230 యనియు, ఆ గుర్తున్నచోట నిజముగా నుండవలసినది సున్నయనియు ఇరువురికిని చెప్పితిని. పిల్లవాడు కొంచెము సేపు పలకవైపు చూచి, "మిరప సేన్లో ఇరవైమూడు మంది ఉంటే, ఒక్కొక్కరు ముందు పది కిలోలు కోస్తే రెన్నూట ముప్పై, మళ్లా నాలుగు కోస్తే తొంభై రెండు. మున్నూట ఇరవై రెండు" అనెను. బాలిక తన నోటుపుస్తకము తీసి, ఇంటూ గుర్తులున్న చోటులలో సున్నలు వ్రాయుచు కూర్చుండెను.

ఈ మాట ఆ తండ్రికి నేనింకను చెప్పలేదు. ఆయన ఉల్లి పనులలో నున్నాడు, బడివైపు రాలేదు. ఈ సంచిక ప్రతి బాలిక చేత ఇంటికి చేరును గదా.